ఇల్లు చేరిన బంతి వీరుడు



మన యువకులు కొందరు ఒక అమెరికా టెలివిజన్ హాస్యకథను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని మమ్ము కోరిరి. దాని పేరు 'ఈస్ట్‌బౌండ్ అండ్ డౌన్'. హెచ్.బి.ఓ. వారు 2009 ఫిబ్రవరిలో దీనిని ప్రారంభించి, నాలుగు విడతలుగా, 29 భాగములతో 2013 నవంబరున ముగించిరి. మేము మొదటి విడతలోని ఆరు భాగములను గూర్చియే ప్రసంగింతుము. ముందుగా ఒక హెచ్చరిక. ఇందలి భాష మిక్కిలి మోటు. పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని చూడదగినది కాదు.

కథానాయకుడైన కెన్నీ పవర్స్ బేస్‌బాల్ ఆటలో బంతి విసరువాడు. క్రికెట్టు నెరిగిన మనకు ఒక సంగతి చెప్పవలసియున్నది. ఆ ఆటలో బంతి నేలను తాకి లేవనక్కరలేదు. చేతినుండి సూటిగా బ్యాటు పట్టినవానికడకు పోవును. కనుక వేగమే అట్టివాని మూలధనము. గంటకు నూరు మైళ్లు, అనగా సుమారు 160 కిలోమీటర్ల వేగముతో విసరగలవారు బహు కొలదిమంది. కెన్నీ పందొమ్మిదవ యేటనే పేరు గడించెను. కీర్తియు ధనమును వచ్చినవి. నోటి దురుసును పెరిగినది. ఒక జట్టు వదలుకొనగా మరియొక జట్టు చేర్చుకొనెను. తుదకు చేతి వేగము తగ్గినది. నోటి వేగము మాత్రము తగ్గలేదు!

అప్పుడతడు ఉత్తర కరోలినా రాష్ట్రములోని షెల్బీ అను తన ఊరికి వచ్చి, సోదరుడు డస్టిన్ ఇంట దిగి, అచ్చటి బడిలో తాత్కాలిక వ్యాయామోపాధ్యాయుడుగా చేరును. షెల్బీ నిజముగా ఉన్న ఊరే. చిత్రీకరణము మాత్రము సముద్రతీరమందలి విల్మింగ్టన్‌లో జరిగినది. దీనిని కల్పించిన డానీ మెక్‌బ్రైడ్, జోడీ హిల్, బెన్ బెస్ట్ ముగ్గురును ఆ రాష్ట్రముననే కళాశాలలో కలిసి చదివినవారు. కెన్నీ వేషము మెక్‌బ్రైడ్‌దే. చిన్న ఊరిని పైనుండి చూచి వెక్కిరించు ధోరణి ఇందులో అంతగా కానరాకపోవుటకు ఇదియే కారణమని మా ఊహ.

తరతరములుగా పొరుగు రాష్ట్రములలో స్థిరపడిన మనవంటివారికి 'సొంత ఊరు' అను మాట చెవికి తీయగా నుండును. అచ్చటికి పోయినచో ఎవరో ఎదురువచ్చి కౌగిలించుకొందురనియు, గాయములు వాటంతట అవియే మానుననియు అనుకొందుము. షెల్బీలో అట్లు జరుగదు. కెన్నీ పూర్వము ప్రేమించిన ఏప్రిల్ అదే బడిలో ఉపాధ్యాయిని. ఆమెకు ప్రధానోపాధ్యాయునితో వివాహము నిశ్చయమైనది. ఊరు అతనికొరకు ఆగియుండలేదు. అతనిని దేవునివలె కొలుచువాడు స్టీవీ అను సంగీతోపాధ్యాయుడొక్కడే. ఆ భక్తివలన కలిగిన మేలు లేదు, చెరుపే ఎక్కువ. కెన్నీ తన జీవితకథను తానే చదివి శబ్దగ్రహణము చేయించుకొనెను. ప్రయాణములలో ఆ కంఠమునే వినుచుండును. ఇతరుల మాట ఆ చెవికి ఎట్లు సోకును?

మమ్ము ఆలోచింపజేసినవాడు కెన్నీ కాదు, డస్టిన్. అతనికి భార్య కలదు, పిల్లలు కలరు, ప్రఖ్యాతి లేదు. తన బిడ్డలు తినుచున్న బల్లకడనే ఈ సోదరునికిని చోటిచ్చెను. పిల్లలయెదుట అతని మాటలకు ఇల్లాలు నొచ్చుకొనును. కెన్నీయో ఆ అన్నము తనకు రావలసిన బాకీవలె భుజించును. ఇట్టివాడు ఏ బంధువర్గమున లేడు? వానిని వెళ్లగొట్టుట తప్పా, ఉంచుకొనుట తప్పా? ఈ ప్రశ్నకు హాస్యకథ సమాధానము చెప్పదు. మేమును చెప్పలేము.

ఆరవ భాగమున వానికి బుద్ధి వచ్చునని మేము ఎదురుచూచితిమి. టాంపా జట్టునుండి పిలుపు వచ్చినదని కెన్నీ అందరికిని చాటును. ఏప్రిల్ నిశ్చయమైన పెండ్లిని విడిచి అతనివెంట బయలుదేరును. ఇంతలో ఆ అవకాశము లేదని వార్త వచ్చును. ఆ సంగతి ఆమెకు చెప్పుటకు నోరు రాక, పెట్రోలు బంకుకడ ఆమె కారు దిగినంతనే, ఆమెను అచ్చటనే విడిచి వెడలిపోవును. అంతవరకు గొల్లున నవ్విన మా కుర్రవాండ్రు అప్పుడు మాటలాడలేదు.