మాయ ఒకటా, రెండా?

 

ఈరోజు పట్టా అందుకుంటున్న యువ వైద్యులారా, మీరు ఏ ఊళ్లో, ఏ ఆస్పత్రిలో కూర్చున్నా, ఒకరోజు ఒక గర్భిణి స్కానింగ్ రిపోర్టు పట్టుకుని వస్తుంది. "కవలలంట డాక్టరుగారూ" అంటుంది. పక్కనున్న అత్తగారు "ఇద్దరూ బాగున్నారా బాబూ?" అని అడుగుతుంది. జవాబు చెప్పేముందు ఆ రిపోర్టులో ఒక్క సంగతి వెతకండి: మాయ ఒకటా, రెండా?

అది బాగా తేలేది 11 నుంచి 14 వారాల మధ్య. రెండు సంచుల నడుమ ఉన్న పొర మాయను తాకే చోటే చూడాలి. మాయ ముక్కోణంలా ఆ పొరలోకి చొచ్చుకొస్తే అది లాంబ్డా గుర్తు, అంటే అతుక్కుని కనిపించినా ఎవరి మాయ వారిదే. పలుచని పొర నిటారుగా వచ్చి తగిలితే టి గుర్తు, ఇద్దరిదీ ఒకే మాయ. నెలలు గడిచేకొద్దీ ఆ తేడా పట్టుకోవడం కష్టమవుతుంది.

ఒకే మాయ పంచుకునే జంటల్లో నూటికి 10 నుంచి 15 చోట్ల ఒక బిడ్డ రక్తం ఇంకో బిడ్డకు మళ్లుతుంది. ఇచ్చే బిడ్డ చుట్టూ ఉమ్మనీరు తగ్గిపోతుంది, పుచ్చుకునే బిడ్డ గుండె మీద భారం పడుతుంది. అందుకే 16వ వారం నుంచి రెండు వారాలకోసారి స్కాన్ చెయ్యాలి. సమయానికి పట్టుకుంటే అలా రక్తాన్ని మళ్లించే రక్తనాళాలను లేజర్‌తో మూసేయవచ్చు. పుచ్చుకునే బిడ్డ చుట్టూ పేరుకునే అదనపు ఉమ్మనీటిని తోడెయ్యడం కంటే ఇదే మేలని 2004లో ప్రచురితమైన యూరప్ అధ్యయనం తేల్చింది. "కవలలు, రెండు గుండెలూ కొట్టుకుంటున్నాయి" అని రాసి వదిలేసిన రిపోర్టు చూస్తే నాకు మనసు కలుక్కుమంటుంది.

ఇక డౌన్ సిండ్రోమ్ పరీక్షలు. తల్లి రక్తంలో ఇద్దరు బిడ్డల జాడా కలిసే ఉంటుంది. ఆ రక్తంతో చేసే ఎన్ఐపీటీలో అనుమానం వస్తే అది ఏ బిడ్డ గురించో ఆ పరీక్ష చెప్పలేదు. స్కాన్‌లో బిడ్డల మెడ వెనక నీటిని మాత్రం విడివిడిగా కొలవవచ్చు. నిర్ధారణకు ఉమ్మనీరు తీసినప్పుడు ఏ సీసా ఏ బిడ్డదో తారుమారు కాకూడదు. ఎడమా కుడీ, పైనా కిందా, మాయ అంటుకున్న చోటూ బొమ్మ గీసి మరీ రాసుకోండి. ఆడా మగా అనేది బయటపెట్టడాన్ని మన దేశంలో 1994 చట్టం నిషేధించింది, కాబట్టి ఆ గుర్తు రిపోర్టులోకి రాకూడదు.

ఒక బిడ్డ బాగుంది, ఇంకో బిడ్డకు తేడా ఉంది అనే ఫలితం రావచ్చు. ఆ మాట పరీక్షకు ముందే, తలుపు వేసి, ఆ దంపతులను కూర్చోబెట్టి చెప్పండి. అంతా విన్నాక వాళ్లు పరీక్ష వద్దంటే, మళ్లీ మళ్లీ అడక్కుండా ఆ నిర్ణయాన్ని ఫైల్లో రాసి, తర్వాతి స్కాన్ తేదీ ఇవ్వండి.