కన్యాశుల్కము: చదువుటా, చూచుటా, వినుటా?

పేరుపొందిన పుస్తకము చలనచిత్రముగా వచ్చినప్పుడు ఇంటింటా ఒక చర్చ పుట్టుట సహజము. పుస్తకమే బాగున్నదనువారు కొందరు, సినిమాయే బాగున్నదనువారు కొందరు. విజయనగరములో పుట్టిన కన్యాశుల్కము విషయములో ఈ చర్చ నేటికిని తెగలేదు. ఇటీవల మేము నాటకమును మరల చదివి, 1955లో వచ్చిన చిత్రమును మరల చూచినాము. మాకు తోచినది శ్రోతలకు విన్నవించుచున్నాము.

1892లో విజయనగరములో తొలిసారి ప్రదర్శింపబడి, 1897లో అచ్చయిన ఈ నాటకమును గురజాడ అప్పారావుగారు ఎంతగానో పెంచి, మార్చి, 1909లో మరల ప్రకటించినారు. నేడు మనము చదువునది ఆ రెండవ కూర్పే. ఏడంకముల ఆ పుస్తకములో కథ కొంచెము, మాట మెండు. బొంకులదిబ్బ మీద గిరీశము మాట వేరు. అగ్రహారములో అగ్నిహోత్రావధానులు కేక వేరు. లుబ్ధావధానులు ఇంట అసిరిగాని పలుకు వేరు. మధురవాణి నవ్వుచు విసరు మాట మరియు వేరు. పేర్లు చెరిపివేసి చదివినను ఎవరు మాటాడుచున్నారో తెలిసిపోవును. ఈసారి మమ్ము ఎక్కువగా ఆనందింపజేసినది ఇదే.

ఇక చిత్రము. పి. పుల్లయ్యగారు దర్శకులు. సావిత్రిగారి మధురవాణిని మనసార మెచ్చుకొనుచున్నాము. పుట నిండ సంభాషణతో చెప్పవలసినదానిని ఆమె ఒక్క ఓరచూపుతో చెప్పినారు. గోవిందరాజుల సుబ్బారావుగారి లుబ్ధావధానులు పిసినారితనము రూపు కట్టినట్లున్నాడు. మాకు నిరాశ కలిగించినది గిరీశము. లోపము నటునిది కాదు, ఎన్.టి. రామారావుగారు పాత్రను చలాకీగానే నడిపినారు. కాని అంతటి అందగాడు తెర మీదికి రాగానే మనము అతని పక్షము చేరిపోవుదుము. పుస్తకములో గిరీశమును చూచి నవ్వుదుము. నవ్వుచునే, బుచ్చమ్మ గతి ఏమగునో అని జంకుదుము. తెర మీద నవ్వు మిగిలినది, జంకు సన్నగిల్లినది. పసిపిల్లలను ముసలివారికి అమ్మిన దురాచారము మీద వ్రాసిన నాటకమునకు ఆ జంకే ప్రాణము.

సంగీతము ఘంటసాలగారిది. వారు విజయనగరము సంగీత కళాశాలలో చదివినవారు. సాలూరు పట్రాయని సీతారామశాస్త్రిగారి శిష్యులు. ఇందులో శ్రీశ్రీ గేయమొకటి పి. సుశీలగారు పాడినారు. ఆమె జన్మస్థలమును విజయనగరమే. కథ నడుమ ఆ గేయపు భాష కొంత కొత్తగా తోచినను, రేడియోలో విడిగా విన్నప్పుడు నిండుగా ఉన్నది.

చిత్రములో మాకు లోటుగా తోచినది మాట. ఏడంకములు ఒక ఆటలో ఇమడవు, కోత తప్పదు. కోతలో మొదట పోవునవి కథకు పనికిరానట్లు కనబడు మాటలు. మన ప్రాంతము ఉన్నది ఆ మాటలలోనే! తరువాతి కాలపు చిత్రములలో శ్రీకాకుళపు పలుకు ఎక్కువగా పనివాని నోట, నవ్వించుటకే వినబడినది. అందువలన మన పిల్లలు దూరపు పట్టణములకు చదువులకు పోయి మొదట దాచుకొనునది తమ యాసనే. వాడుక భాష కొరకు పోరాడిన గిడుగు రామమూర్తిగారు శ్రీకాకుళము చెంతనున్న పర్వతాలపేటలో పుట్టినారు. వారి జన్మదినమగు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. వారు పుట్టిన నేల పలుకు నవ్వులపాలగుట న్యాయమా?

కనుక చిత్రమును సావిత్రిగారి కొరకు తప్పక చూడవలెను. నాటకమును మాత్రము వినవలెను. ఒక సాయంత్రము ఇంటిల్లిపాదియు కూర్చుండి, పాత్రలు పంచుకొని, మొదటి అంకమును బిగ్గరగా చదువుకొనవచ్చును. వెంకటేశమును పిల్లవానికిచ్చి, చీపురుకట్టతో వచ్చు పూటకూళ్ళమ్మను ఇంటి పెద్దమ్మగారికి అప్పగించినచో, మన పలుకులో ఎంత పదునున్నదో ఆ పిల్లవానికి ఎవరును వేరుగా బోధింపనక్కరలేదు.