డాక్టరు ఎందుకవుతావని అడిగితే ఏమి రాయాలి?

మాది బరంపురం సొసైటీ. పట్టు ధర గురించి మాట్లాడమంటే గంటసేపు మాట్లాడుదుము. పిల్లల చదువు గురించి మాట్లాడమన్నారు. మేము ఎనిమిదో తరగతి వాళ్లం. అయినా కిందటేడు మా ఆఫీసు గదిలో జరిగింది చెబుతాం.

మన దేశంలో డాక్టరు సీటుకి నీట్ పరీక్ష. 720కి ఎన్ని వచ్చాయన్నదే లెక్క, ఎందుకు కావాలమ్మా ఈ చదువు అని ఎవరూ అడగరు. ఇంగ్లాండులో అడుగుతారు. అక్కడ యూకాస్ అనే సంస్థ ద్వారా దరఖాస్తు పెట్టాలి, సొంతంగా ఒక ఉత్తరం రాయాలి. 2026 ప్రవేశాల నుంచి మూడు ప్రశ్నలు చేశారు. ఈ చదువు ఎందుకు, ఇప్పటిదాకా చదివింది దీనికి ఎలా పనికొస్తుంది, బడి బయట ఏమి చేశావు. మూడింటికీ కలిపి 4000 అక్షరాలు, మధ్య ఖాళీలూ లెక్కే. డాక్టరు చదువుకి అక్టోబరు 15 గడువు.

మా మెంబరు ఒకాయన కొడుకు అక్కడే స్థిరపడ్డాడు. మనుమరాలు సెలవులకి వచ్చి, రాసుకున్న ఉత్తరం మాకు తెలుగులో చెప్పింది. "మా తాత పేద నేతగాడు. వైద్యం అందక నా కళ్ల ముందే పోయాడు. ఆ రోజే డాక్టరు కావాలనుకున్నాను" అని ఉంది. తాత మా పక్క బెంచీ మీదే టీ తాగుతున్నాడు. "నేనెప్పుడు చచ్చేనే?" అన్నాడు.

మేము నవ్వాం గాని పిల్ల ముఖం చిన్నబోయింది. బాధ రాస్తే సీటు వస్తుందని ఎవరో చెప్పారట. ఆ పిల్లనే అనడం దేనికి, మనం లోను కాగితాల మీద రాసే కష్టాలూ కొన్ని అలాంటివే కదా!

తరవాత ఆ పిల్లే వెతికి చెప్పింది. 2007లో యూకాస్ వాళ్లు ఉత్తరాలు పోల్చి చూస్తే, ఎనిమిదేళ్ల వయసులో పైజమా కాల్చి చిల్లి పెట్టుకున్నామని 234 మంది రాశారట. ముసలి తాతో జబ్బు తాతో 175 మంది ఉత్తరాల్లో ఉన్నాడట. ఒకే డిజైను చీరలు 175 వస్తే మేమైనా పక్కన పెడతాం.

మరి నువ్వు నిజంగా ఏమి చూశావమ్మా అని అడిగాం. చాలాసేపు ఏమీ లేదంది. ఆ తరవాత మెల్లగా చెప్పింది. తాతకి తెగిన పోగు కనపడక తడుముకుంటుంటే ఈ పిల్లే అతికిందట. కంటి ఆసుపత్రికి తీసుకెళితే శుక్లం అన్నారు. డాక్టరు ఒడియాలో చెబుతున్నారు, తాతకి సగం అర్థమవుతోంది, పిల్లకి ఒడియా అసలే రాదు. ఆపరేషను అనగానే తాత వద్దన్నాడు. కత్తికి భయపడుతున్నాడని అందరూ ధైర్యం చెప్పారు. ఇంటికొచ్చాక పిల్ల అడిగితే అసలు సంగతి చెప్పాడు. మగ్గం మీద సగం చీర ఉంది, ఎన్నాళ్లు దిగి ఉండాలో ఎవరూ చెప్పలేదు అని. మర్నాడు పిల్ల మళ్లీ వెళ్లి ఆ ఒక్క ప్రశ్న అడిగి వచ్చింది. తాత ఒప్పుకున్నాడు.

ఇది రాయవేమే అంటే, ఇందులో ఏముంది, ఎవరూ చావలేదు కదా అంది! అక్కడ శనివారాలు వృద్ధాశ్రమంలో టీ అందిస్తుందట, అదీ రాయలేదు. మా తెలివి కొద్దీ ఇంకొకటి అడిగాం. మాట చెప్పడానికే అయితే నర్సు కావచ్చు కదా, డాక్టరే ఎందుకు? వెంటనే జవాబు రాలేదు. రెండు రోజులకి వచ్చి, "రోగం ఏమిటో తేల్చేది, ఆపరేషను ఎప్పుడో నిర్ణయించేది డాక్టరే. నిర్ణయించే మనిషికే తాత మగ్గం సంగతి తెలిసుండాలి తాతా" అంది. అదే రాయమన్నాం.

పేదరికం అన్న మాట తాతే తీయించాడు. "పట్టు చీర నేస్తాను, అది రాయి" అన్నాడు. ఆ మాట మాకు చాలా నచ్చింది.

నాలుగు కాలేజీలకి పెట్టింది. రెండు చోట్ల ముఖాముఖికి పిలిచారు, నర్సు ప్రశ్న ఒకచోట అడిగారట. సీటు సంగతి ఇంకా తేలలేదు. తాత కన్ను బాగుంది, ఆ సగం చీర పూర్తయి మా సొసైటీకి వచ్చింది.