మధ్యాహ్నం మళ్లీ హాజరు
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

నా వృత్తి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. రోడ్డు మీద వెళ్లే బండ్లు వైర్‌లెస్‌లో ఒకదానికొకటి కబురు చెప్పుకునేలా చేయడం నా పని. మన ముందు లారీ ఉంది. ఆ లారీకి ముందున్న కారు సడెన్‌గా బ్రేకు వేసింది. అది మనకు కనిపించదు. ‘నేనిక్కడున్నాను, నా వేగం ఇంత, బ్రేకు వేశాను’ అని ఆ కారే రేడియోలో చెబితే, మన బండి మనల్ని ముందే హెచ్చరిస్తుంది. ఇందుకోసం అమెరికాలో 1999లోనే 5.9 గిగాహెర్ట్జ్ దగ్గర స్పెక్ట్రమ్ కేటాయించారు. ప్రతి బండీ సెకనుకు సుమారు 10 సార్లు ఈ కబురు చెబుతుంది.

గంటకు 72 కిలోమీటర్లంటే సెకనుకు 20 మీటర్లు. మన లెక్కల మాస్టారు నేర్పిన లెక్కే. రెండు కబుర్ల మధ్య బండి 2 మీటర్లు కదులుతుంది. మధ్యలో ఒకటి పోయినా వెంటనే ఇంకొకటి వస్తుంది కాబట్టి ఇబ్బంది లేదు.

ఈ పనిలో చేరిన కొత్తలో నాకది తట్టలేదు. ఒక్క కబురూ పోకూడదని, అందనిదాన్ని మళ్లీ మళ్లీ పంపేలా ప్రోగ్రాం రాశాను. పాతది చేరేదాకా కొత్తవి దాని వెనక వరసలో నిలబడ్డాయి. టెస్ట్ ట్రాక్ మీద ముందు బండి ఆగిపోయింది. నా స్క్రీన్ మీద మాత్రం అది ఇంకా పరుగెడుతూనే ఉంది. రెండు సెకన్ల ఆలస్యం, అంటే 40 మీటర్లు. డ్రైవరు కళ్లతో చూసి పక్కకు కోశాడు కాబట్టి బతికాం. రికార్డులో చూస్తే కబుర్లన్నీ నూటికి నూరు శాతం అందాయి! ‘సార్, మీ మిషను అబద్ధం చెప్పలేదు. ఇందాకటి మాట చెప్పింది’ అన్నాడతను.

ఆ రాత్రి మాస్టారు గుర్తొచ్చారు. పొద్దున హాజరు వేసినా, అన్నాలయ్యాక మళ్లీ వేసేవారు. ‘పొద్దున ఉన్నవాడు ఇప్పుడూ ఉన్నాడని నాకెవరు చెప్పార్రా?’ అనేవారు. గోడ దూకినవాళ్లలో నేనూ ఒకణ్ని.

ప్రోగ్రాం మార్చాను. ప్రతి కబురు మీదా సమయం ఉంటుంది. పాతబడితే పారేస్తాం. కాసేపు కబురు రాకపోతే ‘అంతా బాగానే ఉంది’ అనుకోం, ‘ముందు సంగతి తెలియడం లేదు’ అని డ్రైవరుకు చెబుతాం. ఒకడికి బదులు మరొకడు ‘ప్రజెంట్ సార్’ అంటే మాస్టారు తలెత్తి చూసేవారు కదా, ఇక్కడ ఆ పని డిజిటల్ సంతకం చేస్తుంది.

రైళ్ల విషయంలోనూ రేడియో కబురే ప్రాణం. 2022 మార్చి 4న సికింద్రాబాద్ డివిజన్‌లో, గుల్లగూడ, చిట్టిగిడ్డ స్టేషన్ల మధ్య ‘కవచ్’ను పరీక్షించారు. ముందున్న ఇంజను ఇంకా 380 మీటర్ల దూరంలో ఉండగానే రెండో ఇంజను తనంతట తానే ఆగింది.

ఈ కథంతా మాస్టారికి చెప్పాలని వచ్చాను. ఆయన పోయి రెండేళ్లయిందని ఈ పొద్దున గేటు దగ్గర తెలిసింది. ఇన్నాళ్లూ ఆయన క్షేమంగా ఉన్నారనే అనుకుంటున్నాను. నా దగ్గరున్నదీ ఇందాకటి కబురే.

మిత్రులారా, ఇవాళ ఫోన్ నంబర్లు తీసుకుంటున్నాం. తీసుకుని ఊరుకోవద్దు, అప్పుడప్పుడు హాజరు వేసుకుందాం.

సెలవు.