చంద్రుని చీకటి పార్శ్వం

రాక్ సంగీతమనగానే చెవులు చిల్లులుపడే రొద, అర్థంలేని కేకలు మనలో చాలమందికి స్ఫురిస్తవి. ఆ అభిప్రాయం పూర్తిగా నిరాధారమని నేను వాదించబోను. కాని, మనిషి మనస్సును ఏయే భారాలు క్రుంగదీస్తవో నింపాదిగా విచారించిన కృతి ఒకటి ఆ సంగీతంలోనే కలదు. దానిని గురించి కొద్ది నిమిషాలు ముచ్చటించదలచినాను.

ఇంగ్లండుకు చెందిన పింక్ ఫ్లాయిడ్ బృందం 1973 మార్చిలో వెలువరించిన ఆ రికార్డు పేరు 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్', అనగా చంద్రుని చీకటి పార్శ్వం. రోజర్ వాటర్స్, డేవిడ్ గిల్మర్, రిచర్డ్ రైట్, నిక్ మేసన్ అనే నలుగురు దీనిని లండనులోని ఆబీ రోడ్డు స్టూడియోలో రూపొందించినారు. పాటల సాహిత్యమంతా వాటర్స్ రచన. చంద్రునికీ ఉన్మాదానికీ సంబంధమున్నదని పాశ్చాత్యులలో పూర్వమొక నమ్మకం ఉండేది. కనుక ఇక్కడి చీకటి ఆకాశంలోనిది కాదు, మనస్సులోనిది.

ఈ ఆలోచన వెనుక ఒక మిత్రుని విషాదం ఉన్నది. ఆ బృందానికి తొలిరోజులలో ప్రాణం పోసిన కవి, గాయకుడు సిడ్ బారెట్. ఆయన మనఃస్థితి క్రమంగా చెదరిపోయి, 1968లో బృందం నుండి తొలగవలసివచ్చినది. చెంతనున్న స్నేహితుడు అందరాని దూరానికి వెళ్ళిపోవడం కన్నులారా చూచినవారికి ఒక ప్రశ్న తప్పదు. ఆరోగ్యంగా ఉన్న మనిషిని అంతవరకు నెట్టే శక్తులు ఏవి? ఆ గతి మనకు పట్టదని ధైర్యమేమిటి?

రికార్డు గుండె చప్పుడుతో ప్రారంభమవుతుంది. పాటలు ఒకదానిలోనికొకటి ప్రవహిస్తూ సుమారు 43 నిమిషాలు సాగి, తిరిగి గుండె చప్పుడుతోనే ముగుస్తవి. ఈ రెండు చప్పుళ్ళ నడుమనున్నది ఒక జీవితమన్నమాట.

మొదటి భారం కాలం. 'టైమ్' అనే పాటకు ముందు ఎన్నో గడియారాలు ఒక్కసారిగా మ్రోగి వినేవానిని ఉలికిపడజేస్తవి. శబ్దగ్రాహకుడు అలన్ పార్సన్స్ వాటిని పాత గడియారాల దుకాణంలో రికార్డు చేసి తెచ్చినాడు. జీవితం ఇకముందెన్నడో ప్రారంభమవుతుందని వేచియున్న యువకుడు, అది తనను అడగకుండానే నడచిపోతున్నదని గ్రహించడం ఆ పాట సారాంశం. అది వ్రాసేనాటికి వాటర్స్‌కు ముప్పై ఏళ్ళు నిండలేదు. స్టూడియో గోడమీది సెకన్ల ముల్లును చూస్తూ బ్రతికే నావంటి రేడియో ఉద్యోగికి, నలభై దాటిన తరువాత, ఆ గడియారాల మ్రోత వినోదంగా తోచదు.

తరువాతిది మృత్యువు. 'ది గ్రేట్ గిగ్ ఇన్ ది స్కై' అనే ఈ భాగంలో సాహిత్యం లేదు. క్లేర్ టోరీ అనే గాయని మాటలు లేకుండా కంఠంతోనే భయాన్ని, తిరుగుబాటును, చివరకు శాంతిని పలికించినది. ఆలాపన విని అలవాటున్న మనకు ఇది కొత్త కాదు. ఆనాడు ఆమెకు ముట్టిన పారితోషికం 30 పౌన్లు. ఆమె 2004లో న్యాయస్థానానికి వెళ్ళగా, మరుసటి సంవత్సరం రాజీ కుదిరి, రైట్‌తోపాటు ఆమెకూ స్వరకర్తగా గుర్తింపు లభించినది. విచిత్రమేమంటే, రికార్డు త్రిప్పివేయగానే వచ్చే పాట 'మనీ', అనగా ధనం. నాణేల గలగలతో మొదలయ్యే ఈ పాట ప్రధానంగా ఏడు మాత్రల నడకలో సాగుతుంది. మిశ్రచాపు ఎరిగినవారు దానికి తాళం వేసి చూడవచ్చును. ధనాశను ఎత్తిపొడిచిన ఈ రికార్డే బృందాన్ని ధనవంతులను చేసినది. 1973కూ 1988కీ నడుమ ఇది అమెరికాలోని బిల్‌బోర్డ్ పట్టికలో 741 వారాలు నిలిచినది.

ధనం తరువాత వైరం. 'అజ్ అండ్ దెమ్' పాట మనవారు, పరాయివారు అనే విభజననూ, యుద్ధాన్నీ ప్రస్తావిస్తుంది. వాటర్స్ ఐదునెలల పసివాడుగా ఉండగా, 1944లో ఆయన తండ్రి ఇటలీలోని ఆన్జియో యుద్ధంలో మరణించినాడు. ఆ పాట అంత మెల్లగా, దాదాపు జోలపాటవలె సాగడానికి కోపంకన్న లోతైన కారణమేదో ఉన్నదని నాకు తోస్తుంది.

పాటల నడుమ అక్కడక్కడ మామూలు మనుష్యుల మాటలు వినబడుతవి. వాటర్స్ కొన్ని ప్రశ్నలు కార్డులమీద వ్రాసి, స్టూడియోకు వచ్చిపోయేవారిని అడిగి, జవాబులు రికార్డు చేసినాడు. చావంటే భయమా? నీవు చివరిసారి చేయిచేసుకొన్నది ఎప్పుడు? న్యాయం నీ పక్షాన ఉండెనా? జగత్ప్రసిద్ధుడైన పాల్ మెకార్ట్నీ కూడ జవాబిచ్చినాడు. కాని అది నవ్వించడానికి ప్రయత్నించినట్లుండుటచే వాడలేదు. స్టూడియో ద్వారపాలకుని జవాబులు మాత్రం రికార్డులో చిరస్థాయిగా నిలిచిపోయినవి. మైకు ముందు కూర్చుండేవారందరికీ ఇందులో ఒక పాఠమున్నది.

ఇక 'బ్రెయిన్ డామేజ్' అనే పాట. బారెట్‌ను తలచుకొని వ్రాసినది. అందులోని పిచ్చివాడు మొదట బయట పచ్చికమీద ఉంటాడు. పిమ్మట ఇంట ప్రవేశిస్తాడు. చివరకు పాడేవాని తలలోనే ఉంటాడు. బయటివాడనుకొన్నవాడు తానే అని తెలిసినచోట ఏవగింపుకు తావులేదు. మిగిలేది జాలి ఒక్కటే.

ప్రతి ఊరిలోను, పిల్లలు వెంటబడి రాళ్ళు రువ్వే మనిషి ఒకడుంటాడు. పెద్దలు చూచి ఊరకుంటారు. ఈ మారు అట్టివాడు మీ వీధిలో కనిపించినపుడు, ముందు పిల్లలను వారించండి. తరువాత వీలుచూచుకొని ఈ రికార్డును మధ్యలో ఆపకుండా మొదటినుండి వినండి. కడపట గుండె చప్పుడు వినవచ్చునపుడు, అది ఎవరిదని మిమ్ము మీరే ప్రశ్నించుకొనవచ్చును.