ప్రజల మధ్యకు వచ్చిన వేదిక
(యువజన కూటములో చేసిన ప్రసంగ పాఠము)



శతవార్షికోత్సవ నాటకానికి వేదిక ఎక్కడ కట్టాలన్న విషయమై మన యువజనులలో రెండు పక్షాలైనవని విన్నాను. హాలు చివర గోడకు ఆనించి, ముందు తెర కట్టాలని ఒక పక్షం. వేదికను హాలు మధ్యవరకు తెచ్చి, మూడు ప్రక్కల జనాన్ని కూర్చుండబెట్టాలని రెండవ పక్షం. నన్ను తీర్పు చెప్పమన్నారు. తెలిసిన సంగతులు నాలుగు చెప్పెదను, ఆపైన మీ ఇష్టం.

ఈ రెండవ పద్ధతిని నాటకరంగం వారు థ్రస్ట్ స్టేజి అంటారు. ఇది నిన్నటి వింత కాదు. 1600లో లండనులో ఫార్చ్యూన్ నాటకశాల కట్టడానికి వ్రాసుకొన్న ఒప్పందపత్రం నేటికీ ఉన్నది. నిడివి, వెడల్పు 55 అడుగులుండే ముంగిలిలో 43 అడుగుల వెడల్పైన వేదిక సగం వరకు రావాలని అందులో వ్రాశారు. మన వీధి భాగవతం చూచినవారికి ఇందులో ఆశ్చర్యమేమున్నది? అక్కడా జనం మూడు ప్రక్కల కూర్చున్నవారే.

కాలక్రమాన పటానికి చట్రం బిగించినట్లు వేదికకు చట్రం వచ్చింది. నటుడు లోపల, జనం బయట.

ఆ చట్రంతో విసిగినవాడు టైరోన్ గత్రీ అనే దర్శకుడు. 1948లో ఎడిన్‌బరో ఉత్సవంలో డేవిడ్ లిండ్సే వ్రాసిన ప్రాచీన నాటకం ఆడించవలసి వచ్చింది. అందుకు ఆయన ఏరుకొన్న స్థలం స్కాట్లాండు సంఘపు జనరల్ అసెంబ్లీ కూడుకొనే హాలు. సంఘ పెద్దలు వాదోపవాదాలు జరిపే ఆ హాలులో వేదిక కట్టి, మూడు వైపుల జనాన్ని కూర్చోబెట్టాడు. చిత్రమేమంటే, ఆ నాటకం 16వ శతాబ్దపు గురువుల దురాశను ఎగతాళి చేసేది. మాబోటి వారికి నవ్వు వచ్చినా మింగుకోవలసిన సన్నివేశం!

అక్కడి అనుభవమే 1953లో కెనడాలోని స్ట్రాట్‌ఫర్డ్ పట్టణానికి చేరింది. రైలింజన్ల మరమ్మతు కర్మాగారంపై ఆధారపడి బ్రతికిన ఊరది. ఆ ఊరివాడైన టామ్ ప్యాటర్సన్ అనే పత్రికారచయిత నాటకోత్సవం తలపెట్టి గత్రీని రప్పించాడు. పెద్ద డేరా క్రింద టాన్యా మొయిసేవిచ్ అనే ఆమె రూపొందించిన వేదిక వేశారు. 1957లో డేరా స్థానే పక్కా భవనం లేచింది. 1800 మందికి పైగా పట్టే ఆ శాలలో ఎంత వెనుక కూర్చున్నా వేదికకు 65 అడుగుల దూరం మించదు.

ఇందులో కష్టాలూ లేకపోలేదు. నటుడు ఎటు తిరిగినా ఎవరో ఒకరికి వీపు చూపక తప్పదు. అందుచేత ఒకచోట నిలువక కదలుచుండాలి. ఎత్తైన సామాను పెట్టరాదు, ప్రక్కవారికి అడ్డం. వ్రాసిన తెరలు పనికిరావు. అతికించిన గడ్డం జారితే ముందువరుస పిల్లలకు వెంటనే తెలుస్తుంది. పంక్తులు మరచిపోతే అందించేవాడు దాగడానికి చోటుండదు. అందుకే తెర కావాలంటున్న పక్షం వారి భయం నాకు అర్థమైనది.

అయితే తెర వెనుక నుండి మాటలు అందుకొని ఆడిన మన నాటకాలలో వెనుక బెంచీలవారు మధ్యలోనే లేచి వెళ్ళుట నేనెన్నోసార్లు చూచాను. ఒక్క రిహార్సలుకు బల్లలు జరిపి, మధ్యన ఆడి చూడండి. మీకు వీపు కనబడే ప్రక్కన నేను కూర్చొంటాను. మాట వినబడకపోతే చెయ్యెత్తుతాను.