మూడు మిల్లీమీటర్ల దారిలో ఒక వల: స్టెంటు కథ

ఈ ఎపిసోడ్ మామిడికుదురులో, మా కొబ్బరితోటలో కూర్చుని రికార్డ్ చేస్తున్నాను. ఈసారి టాపిక్ స్టెంటు.

పోయినేడాది మా తాతయ్యకి గుండెనొప్పి వస్తే స్టెంటు వేశారు. ఛాతీ కోయలేదు. మణికట్టు దగ్గర చిన్న రంధ్రం, అంతే. మూడో రోజుకి ఇంటికొచ్చేశారు. రెండు నెలల తర్వాత నేను ఊరొచ్చి చూస్తే మాత్రల షీట్లు కదపకుండా అలాగే ఉన్నాయి. "తగ్గిపోయింది కదరా, ఇంకా ఎందుకూ?" అన్నారు. నాకైతే చెమటలు పట్టాయి. ఎందుకో చెప్తాను.

గుండెకి రక్తం తీసుకెళ్ళే నాళం వెడల్పు సుమారు 3 మిల్లీమీటర్లు. సన్నటి లోహపు గొట్టాన్ని లేజర్‌తో వలలా కోస్తే స్టెంటు అవుతుంది. దాన్ని బెలూన్ మీద నొక్కిపెట్టి లోపలికి పంపుతారు. అడ్డు ఉన్న చోట బెలూన్ ఉబ్బిస్తే వల విచ్చుకుని, నాళాన్ని తెరిచి పట్టుకుంటుంది.

డిజైన్‌లో చిక్కంతా వల మందం దగ్గరే. మందంగా ఉంటే బలం ఉంటుంది కానీ రక్తానికి అడ్డు. పలచన చేస్తే నాళం ఒత్తిడికి ఆగాలి. కోబాల్ట్ క్రోమియం లాంటి గట్టి మిశ్రమ లోహాలతో 140 మైక్రాన్లున్న మందం 80కి, ఇంకా కిందికి వచ్చింది. అంటే దాదాపు తలవెంట్రుక అంత!

ఈ కథలో మనవాళ్ళూ ఉన్నారండి. 1990ల్లో హైదరాబాద్‌లో క్షిపణులు చేసిన అబ్దుల్ కలాం గారు, గుండె డాక్టర్ సోమరాజు గారు కలిసి తక్కువ ధర స్టెంటు తయారుచేశారు. అదే కలాం-రాజు స్టెంటు. తర్వాత 2017 ఫిబ్రవరిలో కేంద్రం ధరలకి కళ్ళెం వేసింది. మామూలు స్టెంటుకి 7,260 రూపాయలు, మందు పూసినదానికి 29,600.

అయితే ఎంత పలచన చేసినా రక్తానికి అది పరాయి వస్తువే. నాళం లోపలి పొర పెరిగి స్టెంటుని కప్పేదాకా దానిమీద రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. మందు పూత ఉంటే ఆ కప్పడం ఇంకా ఆలస్యం. ఆ గడ్డ దారి మూసేస్తే మళ్ళీ గుండెపోటే, ప్రాణం మీదకి రావచ్చు. అందుకే నా లెక్కలో ఆ మాత్ర కూడా పరికరంలో భాగమే. అది మానేస్తే సగం పరికరం తీసేసినట్టే.

తాతయ్యని అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. అదృష్టం, ఏమీ కాలేదు. ఇప్పుడు మాత్రల డబ్బా నానమ్మ చేతిలో ఉంది!

మీ ఇంట్లో స్టెంటు వేయించుకున్నవాళ్ళుంటే, పన్ను పీకించుకోవాలన్నా సరే, గుండె డాక్టర్ని అడక్కుండా ఆ మాత్రలు ఆపనివ్వకండి. లైకులూ షేర్లూ తర్వాత. ముందు వెళ్ళి మాత్రల డబ్బా చూడండి. ఉంటానండి.